బిస్మార్కియా మొలకలు కుండీ మార్చగానే ఎందుకు పోతున్నాయి? (నెల్లిమర్ల, విజయనగరం)

చంపావతి_ఒడ్డు
జూన్ 22

అందరికీ నమస్కారం. మాది నెల్లిమర్ల వైపు, ఎర్రనేల, ఇంటి చుట్టూ పద్దెనిమిది సెంట్ల జాగా ఉంది. మూడేళ్ల క్రితం విశాఖలో ఒకరింటి ముందు బిస్మార్కియా అనే పామ్ చెట్టు చూశాను. విసనకర్రలాంటి ఆ పెద్ద పెద్ద ఆకులు, వెండికీ నీలానికీ మధ్య ఉన్న ఆ రంగు, అప్పటి నుంచి మనసులోంచి పోవడం లేదు. నర్సరీలో ఎదిగిన మొక్క కొనడం నా వల్ల కాదు, అందుకే గింజ నుంచి పెంచుదామని మొదలుపెట్టాను.

మొదటిసారి ఆన్‌లైన్‌లో ఒకరి దగ్గర 20 గింజలు కొన్నాను. ఆరు నెలలు చూసినా ఒక్కటీ మొలవలేదు. పగలగొడితే లోపల పప్పు ఎండి గోధుమరంగుకు తిరిగింది. రెండోసారి మా బావమరిది హైదరాబాద్‌లో వాళ్ల ఆఫీసు ఆవరణలో చెట్టు కింద రాలినవి 12 ఏరి పంపాడు. పైతొక్క గీకేసి, రెండు రోజులు నానబెట్టి, తడి కొబ్బరి పొట్టులో కలిపి జిప్ కవర్లో వేసి మేడ మీద రేకుల కింద ఉంచాను. యాభై రోజులకు తొమ్మిది మొలిచాయి, ఆ రోజు ఇంట్లో అందరినీ పిలిచి చూపించాను.

అక్కడి నుంచే మొదలైంది టెన్షన్. మొలకల్ని ఆరంగుళాల ప్లాస్టిక్ కుండీల్లో పెట్టాను. నాలుగు నెలలకు కత్తిలాంటి ఆకు ఒకటి వచ్చింది, అడుగు రంధ్రాల్లోంచి వేర్లు బయటికొస్తున్నాయని ఏడింటిని పెద్ద కుండీల్లోకి మార్చాను. పదిహేను రోజులకల్లా ఆకు ఎండిపోయి ఆ ఏడు మొక్కలూ పోయాయి. నీళ్లు ఎక్కువ పోయలేదు, నీడలోనే ఉంచాను. మిగిలిన రెండూ ఇంకా పాత కుండీల్లోనే ఉన్నాయి, వాటిని ముట్టుకోవాలంటేనే భయంగా ఉంది. ఎక్కడ తప్పు చేశానో తెలిసినవాళ్లు చెప్పండి.


పచ్చాకు
జూన్ 22

పోయినవాటి వేర్లు చూశారా? నల్లగా కుళ్లి వాసన వచ్చిందా, తెల్లగానే ఉండి ఎండిపోయిందా? కుళ్లితే నీళ్ల సమస్య, ఎండితే వేరు దెబ్బతిన్నట్టు.


చంపావతి_ఒడ్డు
జూన్ 22

కుళ్లలేదండి. గింజ నుంచి చిటికెనవేలంత లావున తెల్లటి ఊడలాంటిది కిందికి దిగింది, అది కుండీ అడుగున చుట్ట చుట్టుకుని ఉంది. మార్చేటప్పుడు మూడింటిది టక్కున విరిగింది. మిగతావాటిది విరగలేదు గాని తిన్నగా చేద్దామని కొంచెం వంచాను.


తాటితోపు
జూన్ 23

బాబూ, నువ్వు ఊడ అంటున్నది నీకు చిన్నప్పటి నుంచీ తెలిసినదే. సంక్రాంతికి తంపట వేసి కాల్చుకుని తినే తేగ ఎలా దిగుతుందో అదీ అలాగే దిగింది.

మాది రణస్థలం దగ్గర. భాద్రపదంలో రాలిన తాటిపళ్లు తిని, టెంకలు పోగేసి పాతర వేసే ఇల్లు. పాతర ఎలా వేస్తామో గుర్తు చేసుకో. మట్టిని గుల్లగా తవ్వి మెత్తగా ఎత్తు పోసి, దాని మీద టెంకలు పరిచి, పైన పలుచగా మట్టి కప్పి వదిలేస్తాం. టెంకలోంచి ముందు ఆకు రాదు. గొట్టంలాంటి కాడ ఒకటి బయటికొచ్చి తిన్నగా నేలలోకి దిగుతుంది, పిల్లమొక్క ఆ కాడ చివర ఉంటుంది. అడుగు, ఒక్కోసారి అడుగున్నర లోతుకు వెళ్లాక అక్కడ తేగ ఊరుతుంది. టెంకలో మిగిలే బుర్రగుంజు మనకు తినడానికి తియ్యగా ఉంటుంది గాని అది చేసే పని వేరు, టెంకలో గట్టి పప్పును కరిగించి ఆ కాడ ద్వారా కిందికి పంపుతుంది. అందుకే గుంజు పెరిగేకొద్దీ పప్పు తరుగుతుంది. ఆకు ఆ లోతు నుంచి తర్వాతెప్పుడో పైకొస్తుంది.

బిస్మార్కియా పుట్టిల్లు మడగాస్కర్, పేరేమో జర్మనీ నాయకుడు బిస్మార్క్‌ది, 1881లో పెట్టారు. కానీ వంశం చూస్తే అది తాటికి చుట్టం. వృక్షశాస్త్రంలో రెండూ బొరాసీ అనే ఒకే తెగ కింద వస్తాయి. సీషెల్స్ దీవుల జంట కొబ్బరి కూడా ఆ తెగదే, ప్రపంచంలో అన్నిటికన్నా పెద్ద గింజ దానిదే. వీటన్నిటికీ మొలిచే పద్ధతి ఒకటే, ముందు లోతుకు పోవాలి, తర్వాతే పైకి రావాలి. నీ ఆరంగుళాల కుండీలో దానికి దిగే చోటు లేదు.

తాటి పిల్లను పీకి ఇంకోచోట నాటి బతికించినవాణ్ణి నువ్వెప్పుడైనా చూశావా? మా ఊళ్లో తాటిని ఎవరూ నాటరు, టెంక వేస్తారు. బిస్మార్కియాకూ అదే లెక్క. మిగిలిన రెండింటినీ కుండీలోంచి తియ్యొద్దు. నేలలో గొయ్యి తీసి, కుండీ అడుగు మాత్రం కత్తితో గుండ్రంగా కోసేసి, కుండీతో సహా దింపెయ్యి. కిందికి దారి దొరికితే అదే వెళ్తుంది.


చంపావతి_ఒడ్డు
జూన్ 23

గురువుగారూ, మా దొడ్లో ప్రతి ఏడూ తేగలు తవ్వుతాం. అయినా ఈ రెండింటినీ కలిపి ఆలోచించడం నాకు తట్టనే లేదు. ఇంటర్నెట్‌లో చదివిన ప్రతిచోటా వేరు కదిలించొద్దు అని ఉంది గాని ఎందుకో ఇంత స్పష్టంగా ఎవరూ చెప్పలేదు. ఈ ఆదివారమే రెండింటినీ అడుగు కోసి నేలలో దింపుతాను.


మేడతోట
జూన్ 24

తాటితోపు గారు చెప్పినదానికి నా అనుభవం కూడా కలుపుతున్నాను. మాది విజయనగరం టౌన్, గంటస్తంభం నుంచి నడిచే దూరం, సొంత నేల లేదు, ఉన్నదంతా మేడే. నేలలో సూటిగా గింజ వేసే వీలు లేనివాళ్ల కోసం ఇది.

నాలుగంగుళాల పీవీసీ పైపు తీసుకోండి. ఇళ్లు కడుతున్నచోట అడిగితే మిగిలిన ముక్కలు ఇస్తారు. రెండడుగుల ముక్క కోసి, దాన్ని నిలువునా రెండు చీలికలుగా రంపంతో కోయించండి. రెండు చీలికలూ మళ్లీ కలిపి మూడుచోట్ల బైండింగ్ వైరు చుట్టండి. అడుగున పాత దోమతెర గుడ్డ కడితే మట్టి జారదు, నీరు ఆగదు. ఇసుక రెండు పాళ్లు, ఎర్రమట్టి ఒక పాలు, కొబ్బరి పొట్టు ఒక పాలు కలపండి. గెత్తం (పశువుల ఎరువు) ఇప్పుడు వద్దు, గింజలో ఉన్న తిండే దానికి చాలా నెలలు సరిపోతుంది, సరిగా మాగని గెత్తం వేస్తే వేడికీ బూజుకీ మొలక పోతుంది.

జిప్ కవర్లో కాడ అర అంగుళం బయటికి రాగానే, అంతకు మించి ఆగకుండా పైపులోకి మార్చండి. గింజ సగం పైకి కనపడేలా పెట్టి కాడ కొస కిందికి ఉండేలా చూడండి, చాలు. నాటే రోజున పైపును గొయ్యిలో నిలబెట్టి, చుట్టూ సగం మట్టి పోసి, అప్పుడు వైరు కత్తిరించి రెండు చీలికలనూ పైకి లాగేయాలి. మట్టి కదలదు, వేరుకు తెలియనే తెలియదు. నేను ఇలా పెంచిన మూడు మా అన్నయ్య పొలంలో నాటాను, భోగాపురం దగ్గర, ఒక్కటి కూడా పోలేదు.

ఇంకొకటి, గింజ కొనేముందు చెవి దగ్గర పెట్టి ఊపండి. లోపల గలగలలాడితే పప్పు ఎండి పెంకు వదిలేసిందని అర్థం, కొనకండి. ఈ జాతుల్లో చాలావాటి గింజలు ఎండితే చచ్చిపోతాయి, మినుములు పెసలు దాచినట్టు డబ్బాలో దాచడానికి పనికిరావు. రాలిన గింజ ఎంత త్వరగా తడిలోకి వెళ్తే అంత మంచిది. అందుకే నేను ఆన్‌లైన్ గింజలు మానేసి, చెట్టు ఉన్నవాళ్లనే అడుగుతాను.


ఉద్దానం_కొబ్బరి
జూన్ 26

మాది కవిటి దగ్గర. అందరూ మొలక గురించి చెప్పారు కాబట్టి నేను చెట్టయ్యాక సంగతి చెబుతాను.

చంపావతి అన్నా, బిస్మార్కియా చిన్నప్పుడు ముద్దుగా ఉంటుందని వాకిట్లో గోడ పక్కన పెట్టొద్దు. ఒక్కో ఆకు పది అడుగుల వెడల్పు దాకా పోతుంది. గోడకూ కరెంటు తీగకూ కనీసం ఇరవై అడుగుల ఎడం ఉండాలి. మగ చెట్టు, ఆడ చెట్టు వేరు, మన తాటి లాగే. పూత వచ్చేదాకా ఏది ఏదో తెలియదు. గింజలు కావాలంటే చుట్టుపక్కల రెండు రకాలూ ఉండాలి, అందుకే ఒకరే పది పెట్టుకునే బదులు ఊరికొకరు రెండేసి పెట్టుకుంటే మంచిదని నా ఉద్దేశం.

గాలి సంగతి. 2018 అక్టోబరు 11 తెల్లవారుజామున తిత్లీ తుఫాను పలాస దగ్గర తీరం దాటింది. మా నాన్న నాటిన కొబ్బరిలో సగానికి పైగా ఆ పూటలో పోయాయి, కొన్ని వేర్లతో సహా లేచాయి, కొన్ని నడిమికి విరిగాయి. తెల్లారాక తోటలోకి వెళ్తే ఆకాశం అంతా కనపడుతోంది, పుట్టి బుద్ధెరిగాక ఆ తోటలో నేను అంత ఆకాశం చూడలేదు. గట్టు మీది తాటిచెట్లు మాత్రం మట్టలు చీలికలై నిలబడి ఉన్నాయి. ఆ మరుసటి ఏడాది తోట చుట్టూ తాటి టెంకలు వేశాను. ఖాళీ అయిన చోట కొబ్బరితో పాటు ఫాక్స్‌టెయిల్, రాయల్ పామ్, సీసా పామ్ లాంటి అందం కోసం పెంచే పామ్‌లు పెట్టడం మొదలుపెట్టాను. అంతకుముందు ఈ మొక్కల మీద నాకు ఆసక్తే లేదు.

అప్పుడు నేర్చుకున్న ఇంకో పాఠం కొమ్ము పురుగు. పడిపోయిన దుంగల్ని తొలగించలేకపోయాం, మనుషులు దొరకలేదు, డబ్బూ లేదు. కుళ్లిన ఆ దుంగల్లోనే కొమ్ము పురుగు గుడ్లు పెట్టి తామరతంపరగా పెరిగింది. నిలిచిన చెట్లను, కొత్తగా పెట్టిన రాయల్ పామ్‌లను కూడా మొవ్వులోకి తొలిచేసింది. విచ్చుకున్న ఆకు కత్తెరతో త్రిభుజాలుగా కోసినట్టు కనపడితే పని దానిదే. చిన్న చెట్లకు మొవ్వు పక్క మూడు మట్టల మొదళ్లలో ఒక్కో నాఫ్తలీన్ గోళీ పెట్టి పైన ఇసుక పోస్తున్నాను, 45 రోజులకోసారి. వేపపిండి, ఇసుక సమపాళ్లలో కలిపి పోసినా పని చేస్తుంది. పెంటకుప్పలో మెటారైజియం అనే పచ్చబూజు మందు కలిపితే లోపలి పురుగులు చస్తాయి. ఎర్రముక్కు పురుగు అలా కాదు, గాయం ఉన్నచోటుకే వస్తుంది. అందం కోసం పచ్చి మట్టలు మొదలంటా నరికేవాళ్లకు చేతులెత్తి దండం పెడుతున్నాను, నరకకండి. తప్పదంటే మానుకు మూడు నాలుగడుగుల ఎడంగా కోయండి.


కొత్తమొక్క
జూన్ 29

మధ్యలో వేరే ప్రశ్న అడుగుతున్నాను, ఏమీ అనుకోకండి. మాది శ్రీకాకుళం. ఇంటి గేటు దగ్గర సాగో పామ్ ఉంది, అదే సైకస్ రెవల్యూటా, కడియం నర్సరీల నుంచి తెచ్చి ఐదేళ్లయింది. రెండు బాధలు. ఒకటి, ఆకుల అడుగున సున్నం చల్లినట్టు తెల్లటి పొలుసులు. రెండు, కొత్త ఆకులు చుట్టగా లేస్తాయి, వారం తిరక్కుండా ఏదో తినేసి ఈనెలే మిగులుస్తోంది. మా నాన్నమ్మ దీన్నుంచే సగ్గుబియ్యం చేస్తారని చెప్పింది, నిజమేనా?


మేడతోట
జూన్ 29

తమ్ముడూ, ముందు సగ్గుబియ్యం సంగతి, ఎందుకంటే అది ప్రాణాల మీదికి వచ్చేది. కాదు. మనం తినే సగ్గుబియ్యం కర్రపెండలం దుంప పిండితో చేస్తారు. ఆగ్నేయాసియాలో మెట్రోజైలాన్ అనే నిజమైన సాగో చెట్టు మాను నుంచి తీస్తారు. మీ గేటు దగ్గరున్నది పామ్ కూడా కాదు, సైకాడ్. కొబ్బరి, తాటి పూసే మొక్కలు. సైకాడ్ పువ్వు పుయ్యదు, శంకువు వేస్తుంది, వంశం చూస్తే దేవదారుకి దగ్గర. దీని ఒంట్లో సైకాసిన్ అనే విషం ఉంటుంది, కాలేయాన్ని దెబ్బతీస్తుంది. నారింజ ఎరుపు రంగు గింజల్లో మరీ ఎక్కువ. ఇంట్లో పిల్లలు, కుక్కలు ఉంటే గింజలు రాలకముందే కోసి తీసేయండి. మా వీధిలో ఒక కుక్కపిల్ల ఆ గింజ ఒకటి కొరికి మూడు రోజుల్లో పోయింది, ఆ ఇంటివాళ్ల ఏడుపు నేను మరచిపోలేను.

తెల్ల పొలుసులు సైకాడ్ మీద వచ్చే పొలుసు పురుగు. బాగా పట్టిన ఆకులు కోసి తగలబెట్టండి, కుప్పలో వేయొద్దు. మిగిలిన ఆకులకు అడుగువైపు పాత టూత్‌బ్రష్‌తో సబ్బు నీళ్లు పెట్టి రుద్దండి, తర్వాత లీటరు నీళ్లకు ఐదు మిల్లీలీటర్ల వేపనూనె, రెండు చుక్కల సబ్బు కలిపి పది రోజులకోసారి పిచికారీ చేయండి, సాయంత్రం మాత్రమే. చచ్చిన పొలుసులు కూడా ఆకుకే అతుక్కుని ఉంటాయి, గోటితో నొక్కితే తడి వస్తే బతికున్నట్టు, పొడిగా రాలితే చచ్చినట్టు. అది చూడకుండా మందు మీద మందు కొట్టేవాళ్లు చాలామంది.

కొత్త ఆకులు తినేది ఒక చిన్న నీలి సీతాకోకచిలుక పురుగు. దాని శాస్త్రీయ నామంలోనే పాండవ అని ఉంది. ఆకు లేతగా ఉన్న ఆ రెండు మూడు వారాలే దాని సమయం, ఆకు ముదిరితే దాని పళ్లకు అందదు. చుట్ట లేవడం కనపడగానే దోమతెర గుడ్డతో మొత్తం కప్పి మొదట్లో తాడు కట్టండి. ఆకులు గట్టిపడ్డాక తీసేయండి. నేను మందు కొట్టను. నా దగ్గర రెండు సైకస్‌లు ఉన్నాయి, పెద్దదానికి తెర కడతాను, చిన్నదాన్ని వాటికి వదిలేస్తాను. ఆ పురుగుల చుట్టూ చీమలు కాపలా కాస్తాయి, పిల్లలకు చూపించదగ్గ సంగతి అది.


కొత్తమొక్క
జూన్ 30

అక్కా, చాలా థాంక్స్. మా ఇంట్లో కుక్క ఉంది. పొద్దున్నే గేటు దగ్గర నుంచి మొక్క చుట్టూ ఇనప మెష్ కట్టించాను.


నాగావళి_నాటు
జూలై 3

సైకస్ మాట వచ్చింది కాబట్టి. మన కొండల్లోనే అడవి సైకస్ ఉంటుందని విన్నాను. కొండవాలు అన్నా, మీరు ఆ వైపే కదా, రెండు బోదెలు (మానుతో ఉన్న మొక్కలు) తవ్వి తెచ్చిపెట్టగలరా? మనుషులకీ ఆటోకీ ఎంతైతే అంత ఇస్తాను.


కొండవాలు
జూలై 4

తమ్ముడూ, నువ్వు మంచి మనసుతోనే అడిగావని తెలుసు, అందుకే నేరుగా చెబుతున్నాను. తేను. ఎక్కడుందో తెలిసినా చెప్పను.

మాది పాలకొండ. జిల్లా మారి పార్వతీపురం మన్యంలోకి వెళ్లింది గాని మా ఇంట్లో ఇప్పటికీ శ్రీకాకుళం అనే అంటాం. సైకస్ ఎదుగుదల ఎంత నెమ్మదో నువ్వు పెంచుతున్నావు, నీకు తెలుసు. మనిషి నడుమెత్తు ఉన్న బోదె అంటే దశాబ్దాల వయసు. దానికీ ఆడ, మగ వేరు. ఒక గుంపులో ఉన్న ఆడ మొక్కలు తవ్వేస్తే మిగిలిన మగవి ఎన్ని ఉన్నా అక్కడ ఇక గింజ పడదు. దక్షిణాఫ్రికాలో ఎన్‌సెఫలార్టోస్ వుడీ అనే సైకాడ్ ఉంది. 1895లో అడవిలో ఒకే ఒక్క మగ మొక్క దొరికింది. ఇప్పటిదాకా ఆడది కనపడలేదు, ప్రపంచంలో ఎక్కడ ఉన్నా అన్నీ ఆ ఒక్కదాని పిలకలే. మన కొండల్లో అలాంటి రోజు రాకూడదు.

పైగా తవ్వినది బతుకుతుందన్న నమ్మకం లేదు. వేర్లలో పగడాల్లా పైకి లేచే గుత్తులు ఉంటాయి, వాటిలో ఒక రకం నీలి ఆకుపచ్చ సూక్ష్మజీవులు కాపురం ఉండి గాలిలోని నత్రజనిని దానికి అందిస్తాయి. ఆ రాతి నేలలో అది బతికేది ఆ సాయంతోనే. గునపంతో తవ్వితే ముందు తెగేవి అవే.


తాటితోపు
జూలై 4

కొండవాలు చెప్పింది అక్షరాలా నిజం, చట్టం కూడా అదే చెబుతోంది. తిరుమల శేషాచలం కొండల్లోని సైకస్ బెడ్డోమి 1972 వన్యప్రాణి సంరక్షణ చట్టంలో రక్షణ ఉన్న అతి కొద్ది మొక్కల్లో ఒకటి, లైసెన్సు లేకుండా పెంచడం కూడా నేరమే. అంతర్జాతీయ వ్యాపారాన్ని అడ్డుకునే సైట్స్ ఒప్పందంలో అన్నిటికన్నా కఠినమైన మొదటి జాబితాలో ఉంది. తూర్పు కనుమలది సైకస్ స్ఫేరికా అనే వేరే జాతి. దానికి ఆ పేరు పెట్టింది వృక్షశాస్త్రవేత్త రాక్స్‌బర్గ్. సామర్లకోటలో తోట పెట్టి మన ఉత్తర సర్కారుల మొక్కలెన్నో రాసి, బొమ్మలు వేయించి, తర్వాత 1793లో కలకత్తా తోటకు వెళ్లినాయన. ఈతచెట్టుకు ఇప్పుడు వాడే శాస్త్రీయ నామం కూడా ఆయన స్థిరపరచినదే. ఈ మొక్కల కోసం విదేశాలు వెతుకుతున్నాం గాని, పామ్‌లూ సైకాడ్‌లూ మన దగ్గర నుంచే లోకానికి తెలిసిన రోజులున్నాయి.

సైకస్ కావాలంటే రెవల్యూటా పిలకలు ఉన్నాయి కదా. ఎండాకాలంలో పిలక ఊడదీసి, ఆకులన్నీ కోసేసి, గాయం మీద బూడిద రాసి, వారం రోజులు నీడలో ఆరబెట్టి, అప్పుడు ఇసుకలో పెట్టు. వేరు పట్టడానికి నెలలు పడుతుంది. నీళ్లు పోసి పోసి కుళ్లబెట్టకుండా ఉంటే చాలు.


నాగావళి_నాటు
జూలై 5

ఇన్ని సంగతులు నాకు తెలియవు. అడిగినందుకు క్షమించండి అన్నా. పిలక ఎవరైనా ఇస్తే తీసుకుంటాను, బదులుగా నా దగ్గర లికువాలా గ్రాండిస్ మొలకలు ఉన్నాయి, గుండ్రటి మడతల ఆకు పామ్, ఎనిమిది నెలలకు మొలిచాయి.


కొండవాలు
జూలై 5

క్షమాపణ ఎందుకు తమ్ముడూ. నీకు నేను జీలుగు ఇస్తాను, అది అడవి తవ్వకుండా వచ్చేది.


కొత్తమొక్క
జూలై 5

జీలుగు అంటే పొలంలో పచ్చిరొట్టకు చల్లేదేనా?


కొండవాలు
జూలై 6

కాదు, పేరు దగ్గరగా ఉండి అందరూ అలాగే అనుకుంటారు. పచ్చిరొట్ట జీలుగ వేరు. ఇది జీలుగు చెట్టు, కారియోటా యూరెన్స్. మా వైపు సవర గిరిజనులు కల్లు తీసే చెట్టు. ఆకు చేప తోకలా ఉంటుంది. పామ్‌లన్నిటిలోనూ ఆకు రెండుసార్లు చీలేది ఈ ప్రజాతి ఒక్కటే, అంటే ఈనెకు మళ్లీ ఈనెలు. దూరం నుంచి చూస్తే పెద్ద ఫెర్న్ చెట్టులా ఉంటుంది. తోటలో ఇంత అందమైన చెట్టు ఉండగా మనవాళ్లు నర్సరీల్లో వేలు పోసి ఏవేవో కొంటారు, అది నాకు బాధ.

ఒక్క విషయం తెలుసుకుని పెట్టుకోండి. పదీ పదిహేనేళ్లు ఎదుగుతుంది, తర్వాత తల నుంచి గెల వేయడం మొదలుపెట్టి ఒక్కొక్కటిగా కిందికి దిగుతూ వేస్తుంది, ఆఖరి గెల అయ్యాక చెట్టు చనిపోతుంది. అందుకే కొండల్లో మా వాళ్లు పెద్ద చెట్టు పక్కన ఎప్పుడూ రెండు చిన్న చెట్లు ఉండనిస్తారు. పండు గుజ్జు చేతికి తగిలితే విపరీతమైన దురద, సూదుల్లాంటి స్ఫటికాలు ఉంటాయి. రబ్బరు గ్లవ్స్ వేసుకుని బకెట్లో ఇసుకతో రుద్ది కడిగితే గింజ వస్తుంది. ఈ ఏడాది మా చెట్టు గెల పండింది, కడిగి ఆరకుండా తడి పొట్టులో పెట్టిన గింజలు రెండు వందలున్నాయి. ఎవరికి కావాలో చెప్పండి, కొరియర్ ఖర్చు కూడా నేనే పెట్టుకుంటాను.


మేడతోట
జూలై 6

నాకు పది.


ఉద్దానం_కొబ్బరి
జూలై 6

నాకు ఇరవై, గట్టు మీద తాళ్ల మధ్య పెడతాను. అలాగే ఒక అనుమానం. ఇసుక నేలలో నా ఫాక్స్‌టెయిల్‌కు కింది ఆకుల మీద నారింజ రంగు చుక్కలు వచ్చి చివర్లు ఎండుతున్నాయి. కోసేయమంటున్నారు నర్సరీవాళ్లు.


పచ్చాకు
జూలై 7

కోయొద్దు! అది పొటాష్ లోపం. నేలలో దొరక్కపోతే చెట్టు పాత ఆకుల్లోంచి పొటాష్ తీసుకుని కొత్త ఆకుకు పంపుతుంది, మీరు పాత ఆకు కోస్తే ఇంకాస్త పై ఆకు నుంచి లాగుతుంది, అలా పైకి పాకి మొవ్వు సన్నబడుతుంది. ఇసుకలో ఎరువు నిలవదు కాబట్టి పొటాష్ ఒకేసారి వేయకుండా కొంచెం కొంచెంగా నాలుగైదు దఫాలు, గెత్తంతో కలిపి మొదలుకు దూరంగా వేయండి. చుక్కలు పడిన ఆకు మళ్లీ పచ్చబడదు, కొత్తగా వచ్చేవి బాగుంటాయి, ఏడాదిన్నర ఓపిక పట్టాలి. అంచులు పసుపు, మధ్య పచ్చగా ఉంటే అది మెగ్నీషియం లోపం, మీది అది కాదు.


చంపావతి_ఒడ్డు
నవంబరు 9

చాలా రోజులైంది. సిరిమాను ఉత్సవం, బంధువులు, ఆ తర్వాత వానలు, రాయడం కుదరలేదు. ముందు మంచి మాట. అడుగు కోసి నేలలో దింపిన రెండు బిస్మార్కియాల్లో ఒకటి పోయింది, ఒకటి నిలిచింది, రెండో ఆకు విప్పుతోంది. పోయినదానికి లోపల చుట్ట అప్పటికే కుళ్లి ఉంది.

మా బావమరిది జూలైలో మళ్లీ 15 గింజలు పంపాడు. ఈసారి మేడతోట గారు చెప్పినట్టు రెండడుగుల పైపులు చేయించాను. 11 మొలిచాయి. అర అంగుళం కాడ రాగానే పైపుల్లోకి వెళ్లిపోయాయి, అప్పటి నుంచి ఒక్కదాన్నీ కదపలేదు. భాద్రపదంలో దొడ్లో తాటి టెంకల పాతర వేసినప్పుడు పైపులన్నీ దాని పక్కనే నిలబెట్టాను, ఒకే నీళ్లు, ఒకే ఎండ. జీలుగు గింజలు పదింటిలో ఇప్పటికి నాలుగు లేచాయి, కొండవాలు గారికి చెబుతున్నాను.


చంపావతి_ఒడ్డు
జనవరి 16

నిన్న పాతర తవ్వాం. తేగలు బాగా ఊరాయి, ఇల్లంతా తంపట వాసన.

11 పైపుల్లో ఎనిమిదింటికి ఆకు పైకొచ్చింది. వాటిలో ఆరింటికి అంచుల్లో ఎర్రటి ఛాయ ఉంది, వెండి రకానికి చిన్నప్పుడు అలా ఉంటుందని చదివాను, ఆశగా ఉంది. ఆకు రాని మూడింటిలో ఒకదాని వైరు విప్పి చూశాను. మట్టి నెమ్మదిగా కడిగితే గింజ నుంచి పదకొండు అంగుళాలు కిందికి దిగి అక్కడ ఆగిపోయి ఉంది. దాన్ని తీసుకెళ్లి తేగ పక్కన పెట్టాను. తేగంత లావు లేదు, పిండి ఊరలేదు, కానీ కాడ, మలుపు, కింద మొలక కూర్చున్న తీరు అదే. మా అమ్మ చూసి, ఇదేటి బావూ ఏ తాటిది, ఇంత సన్నంగా ఉంది అని అడిగింది. అమ్మకు 74 ఏళ్లు, బిస్మార్కియా పేరు ఎప్పుడూ వినలేదు.

తాటితోపు గారూ, ఆ మాట విన్నాక ముందు మీకే రాయాలనిపించింది. ఆకు వచ్చిన ఎనిమిదింటిలో నేను మూడు ఉంచుకుంటాను. ఒకటి మేడతోట గారి అన్నయ్య పొలానికి, ఒకటి ఉద్దానానికి, ఒకటి కొండవాలు గారికి, ఒకటి నాగావళికి. ఒకటి మీకు. రథసప్తమికి అరసవల్లి వస్తున్నాం కుటుంబంతో. ఆ రోజు జనంలో కుదరదు, ముందు రోజు మధ్యాహ్నం దారిలో రణస్థలంలో దిగి ఇచ్చి వెళ్తాను, మీకు వీలేనా?


ఉద్దానం_కొబ్బరి
జనవరి 16

అన్నా, నాది కూడా గురువుగారి దగ్గరే పెట్టండి, నేను వచ్చి తీసుకుంటాను. వచ్చేటప్పుడు సీసా పామ్ మొలకలు నాలుగు తెస్తాను, ఎవరికి కావాలంటే వాళ్లకు.


తాటితోపు
జనవరి 17

రా బాబూ, భోజనానికి రా, పిల్లల్ని కూడా తీసుకురా. అమ్మగారు కూడా వస్తే ఆవిడకు మా పాతర చూపిస్తాను. మొక్కకు పడమర పక్క చోటు చూశాను, తీగలు లేవు, గోడ లేదు, ఇరవై అడుగుల ఎడం కొలిచాను. రేపే మూడడుగుల గొయ్యి తవ్విస్తున్నాను, అడుగున రాయి తగిలితే ఇంకో చోట తవ్విస్తాను. బస్సులో పైపుల్ని పడుకోబెట్టొద్దు, కాళ్ల మధ్య నిలువుగా పట్టుకోండి. వైరు కత్తిరించే కటింగ్ ప్లేయరు నా దగ్గర ఉంది.